సూదత్త ఇంటి గోడ

ఏంటీ, దీపాలు తగిలించే మేకులా? ఎవరు చెప్పారమ్మా నీకు? ఏదీ, ఇలా ఇవ్వు ఆ కాగితం. నా కళ్ళజోడు ఏదీ... ఆ, నెత్తి మీదే ఉంది. "పై అంతస్తు, సముద్రం వైపు గోడ. పిట్టగోడ పొడుగునా వరసగా ఏడు ఇనప మేకులు, అవతలి కొసన వంగిన మేకులు రెండు. బహుశా దీపాలంకరణ కోసం." బహుశా అట, బహుశా! ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క లాంతరు సూదిలోకి దారం ఎక్కించుకోడానికే చాలేది కాదు, పైన ఏడు దీపాలు పెట్టి మా అత్త ఎవరికి చూపించాలమ్మా? కొట్టెయ్, కొట్టెయ్ ఆ ముక్క. కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, పడ్డావంటే మీ ఆఫీసు వాళ్ళు నన్నంటారు. ఈ బల్ల మీద కూర్చో. పాత ఇళ్ళ జాబితా రాయమని పంపించారంటున్నావు, మంచి పనే, కాదనను. కానీ గోడల్ని కొలిస్తే గోడలు మాట్లాడతాయా? మాలాంటి ముసలాళ్ళని అడగాలి, అదీ మేం ఉండగానే అడగాలి. నాకిప్పుడు ఎనభై మూడు. ఆ మేకులు కొట్టిన రోజున ఇరవై రెండు. అవి కొట్టకపోయుంటే ఇవాళ నీకు ఈ కబుర్లు చెప్పడానికి నేనే లేను. నవ్వకు, నిజంగా చెప్తున్నా.

ఆ ఇల్లు మా మేనత్తది. మా నాన్నకి తోడబుట్టిన అక్క. ఊరంతా సూదత్త అనేవాళ్ళు, వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా సూదత్తే అనేవాళ్ళు. తెరచాపలు కుట్టేది. ఇప్పుడంటే అన్నీ ఇంజను పడవలు, తాడు లాగితే డుబుడుబుమని పోతాయి, అప్పుడు గాలే దిక్కు. గాలీ, దాన్ని పట్టే గుడ్డా. ఆవిడ కుట్టిన గుడ్డ ఎంత గాలి కొట్టినా చిరిగేది కాదు. అరచేతికి తోలుపట్టీ ఒకటి కట్టుకుని, దాంతో ఇంత లావు సూదిని నెట్టేది, రోజుకి పది గంటలు, పై గదిలో కిటికీ పక్కన నేల మీద కూర్చుని. "నా కుట్టు ఊడిందని వెనక్కొచ్చిన తెరచాప ఒక్కటంటే ఒక్కటి చూపించండి, సూది పారేసి కూరగాయలమ్ముకుంటా" అనేది. ఇక నోరంటావా, అబ్బో, ఆ నోటికి జడిసి ఆ వీధిలో కుక్కలు కూడా పక్క సందులోంచి పోయేవి. ఒకసారి కొలతల కోసం ఒకాయనొచ్చి, ఆయన కూడా మీ ఆఫీసులాంటి ఆఫీసులోంచే... సరే, అదిప్పుడొద్దు, అది వేరే గొడవ.

గొడవంటే గుర్తొచ్చింది, అసలు గొడవ చెప్పాలిగా నీకు, లేకపోతే నీకేం అర్థమవుతుంది. మా తాత పోయాక ఆయన పడవ మా నాన్నకొచ్చింది, ఇల్లు అత్తకొచ్చింది. అందులో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే తాత తెరచాప దగ్గర. మా నాన్నకి అదంటే ప్రాణం. దాన్ని కట్టుకునే వేటకి పోతానన్నాడు. "మరమ్మతు చెయ్యక్కా" అని ఇచ్చొచ్చాడు. ఈవిడేం చేసింది? వేలు పెట్టి చూసింది, గుడ్డంతా చివికిపోయింది, మారు మాట్లాడకుండా కత్తెర తీసుకుని నిలువునా నాలుగు ముక్కలు చేసింది! వారం తర్వాత ఈయన వెళ్ళేసరికి తాత తెరచాప మెట్ల దగ్గర ఎండ తగలకుండా పరదా అయ్యి వేలాడుతోంది. ఇంకేముంది! "నాన్న గుడ్డని కోసేశావా?" అని ఈయన. "ఉంచితే కట్టుకుపోతావని కోశాను, నడిసముద్రంలో చిరిగితే నాన్నొచ్చి పట్టుకుంటాడా?" అని ఆవిడ. ఇద్దరిదీ ఒకటే రక్తం, ఇద్దరూ తగ్గరు. మా నాన్న వీధిలోకొచ్చి, అందరూ వింటుండగా ఒట్టేశాడు. "ఇక నీ గడప తొక్కను. నీ ఇంటి వైపు కన్నెత్తి చూడను. చూస్తే నేను సరంగునే కాదు" అన్నాడు. పడవ నడిపేవాడు సరంగు, తెలుసుగా. అంతే. పదకొండేళ్ళు మాటల్లేవు. ఆవిడ ఎదురొస్తే ఈయన ముఖం తిప్పుకుని గోడలు చూసేవాడు, ఈయనొస్తుంటే ఆవిడ వీధి మారేది. మా అమ్మ ఇద్దరికీ నచ్చజెప్పీ చెప్పీ విసిగిపోయి, "మీ ఖర్మ, మీరూ మీ చింకిగుడ్డా" అని ఊరుకుంది.

ఇప్పుడు ఇది జాగ్రత్తగా విను, ఇదే అసలు కిటుకు. రాసుకోవడం తర్వాత, ముందు ఇటు చూడు. మన తీరానికి ఎదురుగా నీళ్ళ కింద ఇసుక మేట వేసి ఉండేది, పొడుగ్గా. పడవలన్నీ దాని చుట్టూ తిరిగి, అటు ఉత్తరంగా గంట ప్రయాణం చేసి వచ్చేవి. మా నాన్న మాత్రం మేట మధ్యలోంచే వచ్చేసేవాడు! అక్కడొక సందుంది, రెండు పడవల వెడల్పు కూడా ఉండదు, అటూ ఇటూ అలలు విరుగుతుంటాయి. అందరికంటే గంట ముందు ఒడ్డు మీదుండేవాడు. "ఎలా వస్తున్నావయ్యా?" అనడిగితే మీసం దువ్వేవాడు తప్ప చెప్పేవాడు కాదు. సరంగులంతా అంతే. వాళ్ళ గుర్తులు వాళ్ళ కడుపులోనే ఉంటాయి, పెళ్ళానికి చెప్పరు, కొడుకు చేతికి చుక్కాని ఇచ్చేరోజు దాకా కొడుక్కీ చెప్పరు. నేను పదహారో ఏట నుంచీ ఆ పడవలో ఉన్నా, ముందు కూర్చుని తాళ్ళు చూసుకోవడమే నా పని, ఆయన వెనకాల చుక్కాని పట్టుకుని దేన్ని చూస్తున్నాడో నాకేం తెలుసు? మా మేనమామ కూడా మా పడవలోనే ఉండేవాడు, మా అమ్మ తమ్ముడు, ఎప్పుడూ బావని ఏడిపించడమే పని. ఆయన "మా బావ చేపల్ని దారడిగి వస్తాడు" అనేవాడు.

ఇక ఆ రోజు. తెల్లారుతుండగా వెళ్ళాం, మధ్యాహ్నం మూడింటికి తిరిగొస్తున్నాం. గాలి సముద్రం మీంచి ఒడ్డుకి కొడుతోంది, గంటగంటకీ పెరుగుతోంది. ఎండ ఉంది కానీ మబ్బుమబ్బుగా, ఆకాశమూ నీళ్ళూ ఒకటే రంగులో ఉన్నాయి. మేట దగ్గరకొచ్చాం. మా నాన్న ఎప్పట్లాగే లోపలికి తిప్పేశాడు. తిప్పాక మెడ సాచాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, కళ్ళు నులుముకున్నాడు. "ఏదిరా?" అన్నాడు. "ఏంటి బావా?" అన్నాడు మామ. ఈయన ఒడ్డంతా వెతుకుతున్నాడు. మళ్ళీ "ఏదిరా?" వెనక అలలు లేస్తున్నాయి, ముందు మేట మీద తెల్లగా విరుగుతున్నాయి. ఇక వెనక్కి తిప్పుదామంటే అల పక్కనుంచి కొట్టి పడవ బోర్లా పడుతుంది. తెరచాప దించేశాం, లంగరు వేశాం. అది పట్టుకుంటేనా! ఇసుకలో జారుతోంది. తాడు నా చేతుల్లో ఉంది, అటు చివర లంగరు ఈడ్చుకొస్తున్నట్టు తెలుస్తోంది నాకు, గట్టిగా లాగి, వదిలి, మళ్ళీ లాగి. మామ అరిచాడు, "ఏదో ఒకటి వెతుకుతున్నావుగా, అదేంటో చెప్పి చావు బావా, మేమూ వెతుకుతాం!" అని. అప్పుడు చెప్పాడమ్మా. పదకొండేళ్ళ తర్వాత. "అక్క ఇల్లు" అన్నాడు. "అక్క ఇంటి తెల్లగోడ కనపడట్లేదురా."

విన్నావా? ఆ ఇంటి వైపు చూడనని ఒట్టేసినవాడు! ఊరి వెనక దూరంగా ఇటుక బట్టీ పొగగొట్టం ఉండేది, ముందు ఒడ్డు మీద అత్త ఇల్లు, పై గోడ సున్నం కొట్టి పాలరాతిలా తెల్లగా ఉండేది. సముద్రంలోంచి చూస్తే ఆ గొట్టం సరిగ్గా గోడ ఎడమ అంచుకి ఆనుకుని కనపడాలి. అలా కనిపించిందా, కళ్ళు మూసుకుని ముందుకి పో. గొట్టం కొంచెం పక్కకి జరిగిందా, మేట ఎక్కి ముక్కలవుతావు. మా తాత చెప్పిన గుర్తది. మామ అంత ప్రాణభయంలోనూ ఊరుకోలేదు, "ఓరి నీ ఒట్టు తగలెయ్య! రోజూ ఆవిడ ఇల్లు చూసుకునే ఇంటికొస్తున్నావా?" అన్నాడు. గొట్టం కనిపిస్తూనే ఉంది. గోడే లేదు. మాయమైపోయింది.

ఎలా మాయమైందంటావా? నీలం రంగు వేయించింది! పడవలకేసే నీలం, నాలుగు డబ్బాలు. మేం పొద్దున వెళ్ళాక ఇద్దరు పనివాళ్ళని పెట్టి మధ్యాహ్నానికల్లా పూర్తి చేయించింది. సముద్రం రంగు, ఆకాశం రంగు, అందులో అది ఎక్కడ కనపడుతుంది? కోపంతో చేసిందనుకుంటున్నావేమో. కాదు కాదు కాదు. తప్పంతా ఎక్కడుందో చెప్పనా? ఆవిడ తమ్ముడి మాట నమ్మింది! ఆ గుర్తు ఆవిడకీ తెలుసు మరి, చిన్నప్పుడు తాత ఆవిణ్ణే ముందు పడవెక్కించి చుక్కాని పట్టించాడు. ఒట్టేశాడు కదా, సరంగు ఒట్టు, ఇంకేదో గుర్తు పెట్టుకునుంటాడులే అనుకుంది. అయినా పదేళ్ళపాటు ఏటేటా సున్నం కొట్టిస్తూనే వచ్చింది, ఒకవేళ చూస్తాడేమో అని. పదకొండో ఏడు ఆశ వదిలేసుకుంది. పక్కన తాళ్ళ కొట్టు ఉండేది, ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కుర్రాడున్నాడే, అక్కడే. ఆ కొట్టావిడతో అందట, "ఇంక వాడు చూడడే. నా గోడ నాకిష్టమైన రంగు వేసుకుంటా" అని.

ఇక్కణ్ణుంచి జరిగిందంతా ఆ తాళ్ళ కొట్టావిడ చెప్పిందే, చచ్చేదాకా వెయ్యిసార్లు చెప్పింది. ఇద్దరూ పై గదిలో ఉన్నారు. పెద్ద పడవ కామందు ఒకడుండేవాడు, వాడి కోసం అత్త కొత్త తెరచాప కుడుతోంది, మూడు నెలల పని, తెల్లటి గుడ్డ, గదంతా పరుచుకుని ఉంది. కొట్టావిడ కిటికీలోంచి చూసి, "అదేంటే, మీ తమ్ముడి పడవ అక్కడే తచ్చాడుతోంది?" అంది. అత్త తలెత్తింది. చూసింది. సూది చేతిలోంచి జారిపోయిందట. "చూస్తున్నాడే" అంది. "ఎవరు?" "నా ఇంటికోసం వెతుకుతున్నాడే! చచ్చినోడు, పదకొండేళ్ళూ చూస్తూనే ఉన్నాడే!" నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదమ్మా అనేది ఆ కొట్టావిడ. ఒక్క క్షణం. అంతే, లేచింది. "పట్టు ఆ కొస" అంది. "ఇదా? కామందుదే ఇది! చంపేస్తాడే!" "చంపితే నన్ను చంపుతాడు, నిన్ను కాదు. పట్టు!" ఆ గుడ్డ బరువెంతో నీకు తెలీదు, నలుగురు మగవాళ్ళు మోసేది. ఇద్దరాడవాళ్ళు డాబా మీదికి ఈడ్చారు. మెట్లమీద ఒకసారి ఇరుక్కుంటే అత్త కాలితో తన్ని మరీ లాగిందట. సుత్తి తీసుకుని, పిట్టగోడ మీద పెట్టి, కొత్త గుడ్డలోంచి టంగుమని మేకు దిగేసింది. ఒకటి, రెండు. మూడో దెబ్బ బొటనవేలి మీద పడింది, రక్తం.

మాకు కనపడింది! ఉన్నట్టుండి తెల్లగా ఒక ముక్క. మామ ఎగిరి గంతేశాడు, "అదిగో! అదిగో బావా, పద, లంగరు కోసెయ్!" అన్నాడు. నేను కత్తి తీశాను కూడా. మా నాన్న "ఆగు" అన్నాడు. ఇంక ఆగడమేంటి, తాడు జారిపోతోంది, అల తలమీంచి పడుతోంది, ఒళ్ళంతా తడిసి ముద్దయ్యాం! "ఆగరా! అంచు తప్పు" అన్నాడు. చూస్తే నిజమే, ఆ తెలుపు గోడ మొత్తానికి లేదు, కుడి పక్కకి వేలాడుతోంది. దాన్ని నమ్ముకుని పోయుంటే నేరుగా మేట మీదికే. "అక్కకి తెలుసు. సరిచేస్తుంది. ఆగు" అన్నాడు. ఎంత నమ్మకమో చూడు! ఒక్క మాట మాట్లాడుకోలేదు పదకొండేళ్ళు! అక్కడ డాబా మీద ఏమైందో తెలుసా? అత్త రెండు మేకులు కొట్టాక ఆగిపోయింది. డాబా మీద నిలబడి సముద్రం వైపు చూస్తోందిగా, ఆవిడ ఎడమ వేరు, పడవలోంచి చూసేవాడి ఎడమ వేరు. "అయ్యో, నా బుద్ధి మండ! అక్కణ్ణుంచి చూడాలి కదే!" అని, సముద్రానికి వీపు పెట్టి తిరిగి, చిన్నపిల్లలా రెండు చేతులూ చాచి ఎడమేదో కుడేదో చూసుకుందట. ఆ రెండు మేకుల మీంచి గుడ్డ ఊడబెరికింది. అవే నువ్వు రాసుకున్న వంగిన మేకులు. ఇటు చివరికి పరిగెత్తుకొచ్చి, గోడ అంచుకి గుడ్డ అంచు సరిగ్గా కలిపి, ఒకటి, రెండు, మూడు... ఏడు కొట్టింది. కింద కొసలు ఊగకుండా ఇస్త్రీ చేసినట్టు గాలే గోడకి అదిమేసింది.

మా నాన్న ఒక్క కన్ను మూసి చూశాడు. గొట్టం, తెల్లటి అంచు. "కలిసింది" అన్నాడు. "కొయ్!" తాడు కోశాను. పడవ విడిచిన బాణంలా పోయింది, నేనూ మామా తెడ్లు వేస్తున్నాం, ఎడమన అల విరుగుతోంది, కుడిన అల విరుగుతోంది, చెయ్యి చాస్తే నురగ తగిలేటంత దగ్గర. మధ్యలో మేం. అడుగున ఇసుక ఒక్కసారి గర్రుమని రాసింది. ఒక్కసారే. తర్వాత ఉన్నట్టుండి అంతా నిదానం. లోపలున్నాం. మామ పడవలో వెల్లకిలా పడిపోయి పిచ్చాడిలా నవ్వుతున్నాడు. నేను, ఇప్పుడు చెప్తే ఏం పోయిందిలే, వాంతి చేసుకున్నాను.

ఒడ్డు మీద ఊరు ఊరంతా ఉంది. మా అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తూనే చెంపమీద ఒకటిచ్చింది, ఎందుకో ఇప్పటికీ తెలీదు. మా నాన్న ఆగలేదు. తడిబట్టలతోనే తిన్నగా నడుచుకుంటూ పోయాడు, వెనకాల మేమందరం. అత్త ఇంటి ముందు అప్పటికే కామందు గంతులేస్తున్నాడు, "నా తెరచాప! కొత్త గుడ్డకి తొమ్మిది బొక్కలు!" అని. అత్త పైనుంచి, "బొక్కలు కుట్టడమేగా నా పని, రేపు రా, కనపడితే అడుగు!" అని అరిచింది. అందరూ గొల్లున నవ్వారు. మా నాన్నని చూసి అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. ఆయన గడప దగ్గర దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఒట్టుందిగా. కాలు ఎత్తాడు, మళ్ళీ దించాడు. అత్త మెట్లు దిగి వచ్చింది, బొటనవేలు నోట్లో పెట్టుకుని. లోపల నిలబడింది. ఈయన బయట. మధ్యలో గడప.

"చూడనన్నావుగా" అంది.

"చూశాను" అన్నాడు మా నాన్న. "రోజుకి రెండుసార్లు. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి."

"ఒక్క మాట చెప్తే ఏం పోయేదిరా? చెప్పుంటే నీలం వేసేదాన్నా? ఇవాళ నిన్ను నా చేతులతో చంపేసేదాన్ని కదరా, నిన్నూ, పిల్లాణ్ణీ!"

ఈయన తల దించుకున్నాడు. అప్పుడు ఆవిడ, "గడప తొక్కనని ఒట్టేసింది నువ్వు, నేను కాదుగా" అని తనే దాటి బయటికొచ్చింది. దగ్గరికొచ్చింది. అంత దగ్గరగా తమ్ముణ్ణి పదకొండేళ్ళుగా చూళ్ళేదమ్మా ఆవిడ. ఈయనకైతే రోజూ ఆవిడ గోడ కనపడేది, ఆవిడకేం కనపడింది? దూరంగా ఒక పడవ. అంతేగా. చెయ్యి పైకెత్తింది, కొడుతుందనుకున్నాం అందరం. ఆయన తడి జుట్టు మీద చెయ్యి వేసి, ఉప్పునీళ్ళు తుడిచి, "అయ్యో, జుట్టంతా ఎప్పుడు నెరిసిపోయిందిరా?" అంది.

మా నాన్న అక్కడే...

ఉండమ్మా. కాస్త ఉండు. ఆ కిటికీ తలుపు వెయ్యి ముందు, గాలికి నీ కాగితాలన్నీ ఎగిరిపోతున్నాయి.